పనికిరాని ఎముక

బాపూ,

వడ్ల కల్లంలో జారి కూలబడి, నడుము కింద చివరి ఎముక విరిగి కామారెడ్డి ఆసుపత్రికి పోయాను. ఎక్స్‌రే చూసి డాక్టర్ నవ్వాడు. "ఇది తోక పోగా మిగిలిన ముక్కమ్మా, పనికిరాని ఎముక. కోతికీ మనకూ డీఎన్‌ఏ దాదాపు ఒక్కటే."

ఏం చదువో! ఆదామును చేసిన దేవుడు పనికిరానిది పెడతాడా? ఇరవై రోజులుగా కూర్చుని ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టలేకపోతున్నాను. మేస్త్రి పని చేస్తూ నువ్వు చెప్పిన మాటే వాడి మొహాన కొట్టాను. "ఒక్క మేస్త్రి కట్టిన ఇండ్లు ఒక్క తీర్గనే ఉంటయి సార్. ఒక ఇల్లు ఇంకో ఇంటిని కన్నదా?"

"నీకు అర్థం కాదులే" అన్నాడు. మందుల చీటీ రాసిచ్చి పంపేశాడు.

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. కొవ్వొత్తులు వెలిగించి అందరూ నీ సమాధి చుట్టూ కూర్చున్నారు. నేనొక్కదాన్నే కూర్చోలేక నిలబడ్డాను.