పిడికెడు బియ్యం కుండ

రూతు నాయినా,

మూలనున్న కుండ ఖాళీగా ఉందని కంగారుపడకండి. దొంగలెవరూ రాలేదు, నేనే తీశాను. వండే ముందు పిడికెడు పిడికెడు చర్చికి దాచిన బియ్యమే. మన ఇంటి బియ్యం నిన్ననే అయిపోయాయి. గోవిందమ్మ కోడలు నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది, ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆమె మనవలిద్దరికీ వండి పెట్టాను. మన చాప మీదే పడుకున్నారు, లేపకండి. ఆదివారం సంఘ పెద్దలు అడిగితే నా పేరే చెప్పండి.

కాన్పు కష్టమయ్యేలా ఉంది. బండి కట్టించి జడ్చర్ల దవాఖానకు తీసుకుపోతున్నాను. పోయిన నెల బావి దగ్గర "మా చేద ముట్టకే" అని గదమాయించిన గోవిందమ్మే, ఇవాళ మన గడప ముందు నిలబడి "నీ కాల్మొక్త రాహేలూ, జర రావే, కాన్పుల సంగతి నీకెరుకే" అని ఏడ్చింది.

శత్రువును ప్రేమించమని మీరు మొన్న గంటసేపు ప్రసంగించారు. చెప్పడం మీ వంతు, బండెక్కడం నా వంతు. కలుపు తీసి వచ్చి ఇంకా నడుం కూడా వాల్చలేదు.

రాహేలు

ఇంకొకటి. కోడలి కోసం ప్రార్థన చేశాను. గోవిందమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదు. అది మాత్రం మీరు చేయండి.