పిట్ట బరువు

అక్కా,

క్షేమసమాచారాలన్నీ రాసి అసలు సంగతి చివర్లో ఇరికిస్తానని నన్ను దెప్పుతావుగా, ఈసారి దానితోనే మొదలుపెడుతున్నాను. నా నడుము పడిపోయింది.

పిట్టని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలోకి ఎత్తుతూనే కదా ఇన్నేళ్ళూ గడిపాను. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పిట్ట అన్నాం. ఇప్పుడది నాకంటే బరువు. దాని కాళ్ళు నిలవవని డాక్టరు చెప్పిన రోజే, ఇక దాని కాళ్ళు నావే అనుకున్నాను. కిందటి నెల దాన్ని ఎత్తబోయి, వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. నీ మరిది పరిగెత్తుకొచ్చి ముందు దాన్ని పట్టుకున్నాడు, తర్వాత నన్ను.

నొప్పి కాస్త నెమ్మదించాక డాక్టరు యోగా చెయ్యమన్నాడు. వీధి చివర మేడ మీద క్లాసు. టీచరమ్మ నాకంటే చిన్నది, మాట మాత్రం అత్తగారి మాట. అందరూ కాళ్ళు చాపి కాలి వేళ్ళు అందుకుంటుంటే నేనూ వంగబోయాను. "ఆ వేళ్ళు ఎక్కడికీ పోవు గానీ, మీరు ముందు మోకాళ్ళు మడవండి" అంది. పిల్లిలా వీపు పైకెత్తి దించడం, వెల్లకిలా పడుకుని నడుము కొద్దిగా లేపడం, నాకు అంతవరకే. నొప్పి కాల్లోకి పాకితే ఆపేయాలట. ఊపిరి బిగబడితే హద్దు దాటినట్టేనట, వెంటనే వెనక్కి రావాలట. మంచం మీంచి లేవాలన్నా పక్కకి తిరిగి, చేత్తో నెట్టుకుంటూ లేవాలట. చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో నాకు వంక పెట్టేవాళ్ళు లేరని నీకు తెలుసుగా.

ఒక్క సంగతి మాత్రం ఆవిడ దగ్గర దాచాను. ఇంట్లో బరువులు ఎత్తుతున్నారా అని అడిగినప్పుడల్లా, నీళ్ళ బకెట్ కూడా ముట్టుకోవడం లేదంటున్నాను. అబద్ధం కాదనే అనుకుంటున్నాను. కూతురు బరువెలా అవుతుంది? క్లాసు నుంచి రాగానే నొప్పి మాత్ర వేసుకుని పిట్టని ఎత్తుతున్నాను.

నీ మరిది ఇలాంటి పిల్లల్ని చూసుకునే ఒక వసతి గృహం మాట తెచ్చాడు. అక్కడ మనిషిని ఎత్తే యంత్రం ఉందట, పిట్ట ఈడు పిల్లలున్నారట. "నువ్వూ మంచం పడితే ఇద్దర్నీ ఎత్తడం నా వల్ల కాదు" అన్నాడు. నేను మొహం తిప్పుకుని వంటింట్లోకి వచ్చేశాను. అక్కా, నేను యోగా చేస్తున్నది నడుము కోసం కాదు. దాన్ని పంపకుండా ఉండటం కోసం. ఈ మాట నీ కడుపులో పెట్టుకో.

నీ చెల్లెలు

అక్కా,

జవాబు ఆలస్యమైంది. నడుము నొప్పి తగ్గింది. పిట్టని వసతి గృహంలో దిగబెట్టి వచ్చాం. రెండోది జరిగింది కాబట్టే మొదటిది.

టీచరమ్మకి నిజం చెప్పమని చీవాట్లు పెట్టావు. ఈలోపు పిట్టే నాకు చెప్పింది. ఒక పొద్దున ఎప్పటిలా వంగి, చేతులు నా మెడ చుట్టూ వెయ్యమన్నాను. వెయ్యకుండా దుప్పటి కిందికి దోపుకుంది. అది పట్టుకోకపోతే నేను ఎత్తలేను. ఏంటే నీ పొగరు, స్నానం వద్దా అని కసిరాను. దానికి మాటకీ మాటకీ మధ్య వ్యవధి కావాలి. ఆగాను.

"నువ్వు ఎత్తేటప్పుడు నా చెవి నీ నోటి దగ్గరే ఉంటుంది కదమ్మా" అంది. "నీ ఊపిరి ఆగిపోతుంది. నేను దిగేదాకా మళ్ళీ రాదు."

నేను ఏదో సర్దిచెప్పబోయాను.

"నాన్న చెప్పిన చోటికి నేనే వెళ్తాను. నువ్వు పంపినట్టు కాదులే" అంది.

ఆ "కాదులే" చూశావా, నన్ను ఊరడిస్తోంది. తండ్రితో ముందే మాట్లాడుకుందట.

టీచరమ్మకి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కాళ్ళు గోడకి ఆనించి పడుకోమంది, క్లాసు అయిపోయేదాకా నన్ను లేపలేదు.

వసతి గృహంలో దాని గది బాగుంది. కిటికీ దాని మంచానికి సరిగ్గా ఎదురుగా ఉంది. నేను బట్టలు సర్దిందే సర్దుతుంటే, మీ అమ్మ కూడా ఇక్కడే చేరుతుందా అని పక్క మంచం పిల్ల పిట్టని అడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు. స్నానం వేళకి ఆయాలు వచ్చి, పిట్ట కింద గట్టి గుడ్డ పరిచి, దాన్ని యంత్రం కొక్కేలకి తగిలించి మీట నొక్కారు. నా చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. నీ మరిది వాటిని వెనక్కి లాగి పట్టుకున్నాడు.

పిట్ట గాల్లోకి లేచింది. ఎత్తుతున్నప్పుడు దాని ముఖం నేనెప్పుడూ చూడలేదక్కా, నా భుజం వెనక ఉండేది. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవి కొరుక్కుంటూ, పడిపోతానేమోనని బిగుసుకుపోయి ఉంది. కొత్తలో అందరూ ఇంతేనమ్మా అంది ఒక ఆయా. ఆ భయం దానికి కొత్తేమీ కాదని నాకు అప్పుడే తెలిసింది.

కిందికి దించాక కళ్ళు తెరిచి, ముందు నా వంకే చూసింది. ముఖం సర్దుకుని నవ్వింది. నేనూ సర్దుకున్నాను.

నీ చెల్లెలు