రేడియో మోతకు కారణం ఫ్రిజ్ కాదు

దివాకర్,

ఫ్రిజ్ ప్లగ్ ఇంకోసారి ముట్టుకోకు. నిన్న సాయంత్రం టెస్ట్ అంటూ పీకావు, మళ్లీ పెట్టలేదు. పొద్దున చూసేసరికి పాలు విరిగిపోయాయి, ఇడ్లీ పిండి పొంగి కింద అరలోకి కారింది. అంతా తుడిచి నేనే ప్లగ్ పెట్టాను. ఇంతా చేస్తే, ఫ్రిజ్ ఆపినా నీ పాత వాల్వ్ రేడియో గుయ్‌మంటూనే ఉంది కదా!

నువ్వు వాకింగ్‌కి వెళ్లినప్పుడు నేను ఆన్ చేసి చూశాను. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా మోత తగ్గలేదు. అంటే తేడా ఏంటెన్నాలో కాదు, లోపలి పవర్ సప్లైలో. ఫిల్టర్ కెపాసిటర్ పోయినట్టుంది. కొత్తది ఆర్డర్ చేశాను, మధ్యాహ్నం వస్తుంది. నేను వచ్చేదాకా రేడియో వెనక అట్ట విప్పకు. ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది.

మూడు వారాలుగా ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియని వాళ్లందరినీ అడిగావు. శాంటా క్లారాలో పదకొండేళ్లుగా పవర్ సప్లైలే డిజైన్ చేస్తున్న పెళ్లాన్ని మాత్రం అడగలేదు. నేనే వచ్చి చూడబోతే "నీకెందుకులే, రెస్ట్ తీసుకో" అన్నావు.

ఆరింటికి వస్తాను. సోల్డరింగ్ నేను చేస్తాను, నువ్వు టార్చ్ పట్టుకో.

భవిత

వేలికి మందు సింక్ పక్కన పెట్టాను. మంగళవారం దోశ పెనం తగిలి కాలిందన్నావు. ఆ రోజు మనం తిన్నది ఉప్మా. షాక్ కొట్టిందని చెబితే తిడతాను, అంతే కదా. ఇలా దాస్తే భయమేస్తుంది.