గట్టు అవతలి జొన్న

నవంబరు 9, ఆదివారం

తూర్పు సాళ్లలో మిరప చిగుళ్లు ముడుచుకుంటున్నాయి. ఆకు తిప్పి చూశాను — పేనుబంక. కుప్పలు కుప్పలుగా. వేలికి జిగురు.

తూర్పునే ఎందుకు? తూర్పు గట్టు అవతల కోటేశ్వరమ్మ చేను. ఈ ఏడు తన మిరప చుట్టూ నాలుగేసి సాళ్లు జొన్న వేసింది. ఆ జొన్న మొవ్వుల్లోనూ పేనుబంకే... చూశాను.

నవంబరు 12

అడిగేశాను. "జొన్న ఎందుకమ్మా, గేదెలకా?"

"కాదన్నయ్యా, చేనుకి కాపలా" అని నవ్వింది.

కాపలా అట. నవ్వి మాట దాటేసే మనిషిని నేను నమ్మను. మొగుడు పోయాక మూడేళ్లుగా ఒంటిచేత్తో సేద్యం చేస్తోంది, కష్టజీవే, కాదనను. బోరు కూడా లేదు, దక్షిణం పక్క హనుమంతరావు బోరు నీళ్లే ఆధారం. అన్నీ నిజమే. కానీ ఆవిడ చేనుకి కాపలా ఉంటే పురుగు ఎటు పోవాలి? నా చేలోకేగా.

నవంబరు 15

లెక్కపెట్టాను. తూర్పున పది మొక్కలు చూస్తే ఎనిమిదింటికి ఉంది. పడమర చూడలేదు. అటు ఉన్నది నా పత్తే, అరెకరం. అక్కడి నుంచి ఏమొస్తుంది.

గట్టు మీద చీమల బారు. అటూ ఇటూ. పేనుబంక కార్చే తీపి కోసం చీమలు దాన్ని కాస్తాయి, అది తెలుసు. మోసుకొస్తున్నాయేమో, అవతల నుంచి.

నవంబరు 16

రమణకి చెప్పాను. పెళ్లాం అన్నాక మొగుడి వైపు మాట్లాడాలా వద్దా. "అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. మా పుట్టింటోళ్లు పంపిన నెయ్యి కూడా వాసన చూసి గానీ తీసుకోలేదు మీరు."

అందులో డాల్డా కలిసింది. ఇప్పటికీ అంటాను.

నవంబరు 20

కొత్త పురుగు. జొన్న ఆకు మీద. గోరంత మొసలిలా ఉంది — నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు. నా మిరప మీదా రెండు, సరిగ్గా పేనుబంక గుంపు మధ్యలో తిరుగుతున్నాయి. దానికి తోడుదొంగలన్నమాట.

నలిపేశాను.

నవంబరు 21

పేట వెళ్లాను. మందుల కొట్టు. గట్టిది ఇమ్మన్నాను.

"మిరపకేనా బాబాయ్?"

"ఆ."

నవంబరు 23, ఆదివారం

కోటేశ్వరమ్మ అద్దంకిలో పెళ్లికి వెళ్లింది. మిట్టమధ్యాహ్నం, చేలల్లో ఎవరూ లేరు. పవర్ స్ప్రేయరు చప్పుడు చేస్తుంది — వద్దు. పాత చేతి పంపు తీశాను. మా గట్టు వైపు మొదలుపెట్టి ఆవిడ జొన్న చుట్టూ తిరిగాను. మొవ్వుల్లోకి దిగేట్టు కొట్టాను. సగంలో ఆపితే ఏం లాభం.

నా పంట నేను కాపాడుకున్నాను. అంతే.

నవంబరు 25

పొద్దున్నే వచ్చింది. "ఎవరో నా జొన్నకి మందు కొట్టారన్నయ్యా. ఇంకా వాసనేస్తోంది."

"ఎవరబ్బా" అన్నాను.

"హనుమంతరావు గారే అయ్యుంటారు. జొన్న పెడితే నీళ్లెక్కువ తాగుతుందని మొదట్నుంచీ గొణుగుతున్నారు."

"ఏమో" అన్నాను. ఏమో అనడం అబద్ధం కాదు.

డిసెంబరు 1

అగ్రికల్చర్ అసిస్టెంట్ అమ్మాయి వచ్చింది. కోటేశ్వరమ్మే పిలిపించింది. నేనూ వెళ్లి నిలబడ్డాను... వెళ్లకపోతే అనుమానిస్తారు.

ఆ అమ్మాయి భూతద్దం ఇచ్చింది. చచ్చిన జొన్న పేనుబంక నీలి నలుపు. నా మిరపది ఆకుపచ్చ, పసుపు. "వేరే జాతండీ. ఇది గడ్డిజాతి పైర్ల మీదే బతుకుతుంది. మీ మిరప మీద వేస్తే ఆకలికి చస్తుంది." నా మిరప మీద ఉన్నదీ ఒకటి కాదట, రెండు జాతులు. ఒకటి లేత చిగురు పట్టుకుంటే ఇంకోటి కింది ముదురాకులు పట్టుకుంటుందట. అలా సర్దుకుంటాయి. చోటు చాలకపోతే పిల్లలు రెక్కలతో పుట్టి ఎగిరిపోతాయట.

"ఈ చిగురు మీదది పత్తికి కూడా పడుతుందండీ. దగ్గర్లో పత్తి ఎవరిది?"

"నాదే" అన్నాను.

తర్వాత నేల మీద నుంచి ఒకదాన్ని ఏరి అరచేతిలో పెట్టింది. గోరంత మొసలి. "అక్షింతల పురుగు పిల్లండీ. జొన్న పేనుబంక తిని పెరిగి, పెద్దదయ్యాక మిరపలోకి వచ్చి అక్కడిదీ తింటుంది. అందుకే ఆవిణ్ణి జొన్న వెయ్యమన్నాం."

అక్షింతల పురుగు నాకు తెలీదా? ఎర్రగా, చుక్కలతో, చిన్నప్పుడు చేతి మీద పాకించుకున్నాం. దాని పిల్ల ఇలా ఉంటుందని ఈ వయసు దాకా తెలీదు. ఎన్ని నలిపానో.

డిసెంబరు 3

పడమర లెక్కపెట్టాను. పదికి పది. పత్తి అంచునే అన్నిటికంటే ఎక్కువ.

డిసెంబరు 9

"పాత పంపు ఎందుకు తీశారు?" — రమణ.

"వాషరు చూద్దామని."

"వాషరు చూడ్డానికి మందు పొయ్యాలా?"

అన్నం పెట్టి వెళ్లిపోయింది. తెలిసిపోయిందేమో. ఇవాళ నా వైపు సరిగా చూడటం లేదు... లేక నాకే అలా అనిపిస్తోందా.

డిసెంబరు 12

గట్టు మీద గొడవ. కోటేశ్వరమ్మ హనుమంతరావుని నిలదీసింది. వాడు కుతకుతలాడిపోయాడు. "నీ జొన్న జోలికి నేనెందుకొస్తానమ్మా? దొంగనన్న మనిషికి నా నీళ్లెందుకు?" బోరు వాల్వు కట్టేశాడు.

నన్ను చూసి, "ఒరేయ్, నువ్వు చెప్పరా, నేనలాంటోణ్ణా?"

"కాదు" అన్నాను.

డిసెంబరు 15

నీళ్లాగి మూడు రోజులు. ఆవిడ మిరప మధ్యాహ్నానికి తల వేలాడేస్తోంది. పూత రాలుతోంది. ఇప్పుడు పేనుబంక అటూ నిండుగా ఉంది. నా చేలో నుంచే పోయి ఉంటుంది, రెక్కలొచ్చి.

నా బోరు తడి నాకే చాలడం లేదు. అయినా ఒక పూట ఇస్తానన్నాను. "మీకెందుకన్నయ్యా శ్రమ, తప్పు చేసినోళ్లు హాయిగా ఉంటే" అంది. సిగ్గుతో చచ్చాను.

డిసెంబరు 17

సాయంత్రం కోటేశ్వరమ్మ ఇంటికి వచ్చింది. రేపు పదింటికి పంచాయతీ ఆఫీసులో నలుగుర్నీ కూర్చోబెడుతోంది. హనుమంతరావు వస్తానన్నాడట.

"ఆ ఆదివారం మీరు చేలోనే ఉన్నారటగా అన్నయ్యా. రమణ వదిన చెప్పింది."

రమణ వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎవర్ని చూశారో చెప్పండి చాలు. ఉత్త అనుమానంతో మనిషిని అనడం పాపం. అందుకే మీ దగ్గరికొచ్చా."

కాఫీ తాగి వెళ్లింది. రమణ బయటికి వచ్చి, రేపటికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది.