రెక్క మొదట్లో సందు

మార్చి 4

రెక్క మళ్లీ అతకలేదు. నేను చేస్తున్న ప్లాస్టిక్ మోడల్ విమానం ఒంటికీ రెక్కకీ మధ్య సన్నని సందు. కిందటి ఎగ్జిబిషన్‌లో మోడల్ క్లబ్బు ప్రెసిడెంటు మీసాలాయన నా పాత మోడల్‌లో ఇలాంటి సందులోనే తన విజిటింగ్ కార్డు దూర్చాడు. అది నిలబడితే అందరినీ పిలిచి చూపించాడు. ఒక్క పుస్తకం చదివిన పాపాన పోని మనిషి.

నా చేతులు వణుకుతున్నాయి, నిజమే. నిన్న బ్లేడుతో బొటనవేలు కోసుకున్నాను. ఇక చాలించు నాన్నా అంది అమ్మాయి. ఈ కిట్టు సందు లేకుండా అతకకపోతే మోడళ్లు చేసుకునే బల్ల నేనే ఖాళీ చేస్తానని మాటిచ్చేశాను, పౌరుషానికి పోయి. ఆ బల్ల పోతే నాకు మిగిలేది మంచమే.

మార్చి 5

పుట్టీ నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాను. సందు పోయింది. దానితో పాటే రెక్క మీద సూదిగుంటల్లా ఉండే రివెట్ల వరస కొంత పోయింది. అక్కడ నున్నగా గుండు కొట్టించినట్టుంది. పుట్టీ అంతా గీకేశాను. సందు యథాతథం.

మార్చి 7

గోరుచుట్టు మీద రోకటిపోటు. వియ్యంకుడు దిగాడు. ఇంటికి రంగులు వేయిస్తున్నాడట, వారం ఇక్కడే మకాం. పళ్ల డాక్టరు. రిటైరయినా ఎవరు ఆవలించినా లోపలికి తొంగిచూస్తాడు. మా అమ్మాయి పెళ్లిలో, బావగారిది ఎప్పుడూ పన్నునొప్పి మొహమేనండీ అని ఫొటోగ్రాఫరుతో అన్నాడు. ఆల్బంలో అందరూ నవ్వుతున్నారు, నేను తప్ప.

మార్చి 8, సాయంత్రం

అడక్కుండానే బల్ల దగ్గరికొచ్చాడు. రెక్క ఆనించి చూసి, సందు ఉన్నచోట తప్పు లేదు బావగారూ, ఇంకెక్కడో ఎత్తుంది, అదే మిగతాదాన్ని దగ్గరికి రానివ్వడం లేదు అన్నాడు. ఈ విమానం మీద వచ్చిన ప్రతి పుస్తకమూ చదివానన్నాను. చదివారు సరే, కొరికించి చూశారా అన్నాడు.

తన పెట్టెలోంచి నీలం కాగితం తెచ్చాడు. కొత్త పన్ను కట్టాక రోగిచేత కొరికిస్తారే, అది. చుట్టపుచూపుగా వస్తూ ఎవరైనా అది సర్దుకుంటారా? ఒక ముక్క మధ్యలో పెట్టి రెక్క నొక్కమన్నాడు. తీసి చూస్తే రెక్క మొదట్లో ఒకేచోట ఆవగింజంత నీలం మచ్చ.

ఎత్తు అదేనట, అక్కడే గీకమన్నాడు. నేను బ్లేడు పట్టుకోగానే నా మణికట్టు కింద తన పిడికిలి ఆనించాడు. వణుకు తగ్గింది. రోగి దవడకి వేలు ఆనించకపోతే తమ చేతులూ వణుకుతాయట. అంత మాట నాకోసం ఒప్పుకున్నాడు.

గీకడం, కాగితం పెట్టడం, నొక్కడం. మళ్లీ గీకడం. మచ్చ పరుచుకుని పరుచుకుని అంచు పొడవునా గీత అయింది. సందు మూసుకుంది.

పెళ్లినాటి మాట మాఫీ చేశాను. ఇవాళ్టికి.

మార్చి 9

జిగురు పెట్టి అతికించాను. పోయిన రివెట్లను ఆయన తన సూదితో ఒక్కొక్కటే గుచ్చాడు, నోరు బాగా తెరవండి అని రెక్కకి చెబుతూ. నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

మార్చి 11

అమ్మాయి కళ్లు మూసుకుని అతుకు మీద గోటితో గీసింది. ఎక్కడా తట్టలేదు. మావయ్యగారూ, మా నాన్నకేం మందిచ్చారు అని అడిగింది. మొండితనానికి మందేదమ్మా, ఎత్తున్నచోట కాస్త అరగదీశాను అన్నాడాయన.

కోపం రావాలి. రాలేదు. థాంక్స్ చెబుదామనుకుని వంటింట్లోకి వెళ్లాను. కాఫీ నేనే కలిపి ఇచ్చాను. బాగా లేదన్నాడు. మొత్తం తాగాడు.

మార్చి 14

ఆయన వెళ్లిపోయాడు. ఆదివారాలు వస్తాడట.

బల్ల దగ్గర రెండో కుర్చీ వేశాను. నాదానికన్నా కాస్త పొట్టిది. కావాలనే.