నూరు రూపాయల కోత

1948 డిసెంబరు 12, ఆదివారం

పూజ్యురాలైన అక్కయ్యకు తమ్ముడు మార్కండేయులు నమస్కరించి రాయునది.

షోలాపురంలో నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి, అందరం అంటే ఎవరెవరమా అని కలం ఆపాను. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. నేను క్షేమం. హైదరాబాదు గొడవలు సద్దుమణిగి రైళ్ళు సరిగా నడుస్తున్నాయి గనక ఈ ఉత్తరమైనా దారిలో చిక్కుకోకుండా మీకు చేరుతుందని ఆశ.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వంట నేనే చేసుకుంటున్నాను. పొద్దున ఒకసారి వండి రాత్రికీ అదే తింటున్నాను. చెన్నపట్నంలో సభ జరిగే రోజుల్లో హోటలు భోజనం. మగ్గం మూలపడలేదు. నూలు దొరికిన వారం నేస్తున్నాను, దొరకని వారం దుమ్ము దులుపుతున్నాను. శాసనసభ మెంబరువయ్యాక కూడా మగ్గం గుంటలో కాళ్ళు పెడుతున్నావా అని బావ వేళాకోళం చేశాడు. బావా, ఆ గుంటలో కూచున్నంతసేపే నాకు ఎవరి ముఖమూ చూసే పని ఉండదు.

ఇంకొకటి. వెంకటరావమ్మ పోయి మూడేళ్ళు దాటింది, మళ్ళీ పెళ్ళి చేసుకో అని రాయించావు. కన్నకూతురు తిరిగిన ఇంట్లోకి ఇంకొకతెను తెచ్చుకొమ్మని అల్లుడికి చెప్పడానికి మీ ఇద్దరికీ ఎంత గుండె కావలసి వచ్చిందో ఊహించగలను. ఆ మాట మాత్రం మళ్ళీ రాయించకు అక్కయ్యా.

ఇక నువ్వు మూడు ఉత్తరాల నుంచి అడుగుతున్న సంగతి. "ఆసుపత్రుల డబ్బులో నూరు రూపాయలు తగ్గించమన్నావట, సభలో ఒక్కడివే లేచి నిలబడ్డావట, పేపర్లో పడిందని మీ బావ చదివాడు, నీకేమన్నా మతి పోయిందా తమ్ముడూ" అన్నావు. రెండుసార్లు మాట దాటేశాను. ఈసారి దాటెయ్యను.

ప్రతి మార్చి నెలలోనూ ప్రభుత్వం ఏడాది ఖర్చంతా సభ ముందు పెడుతుంది. ఆసుపత్రులకు ఇంత, కాలవలకు ఇంత, పోలీసులకు ఇంత అని ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క పద్దు. మేము ఓటు వేస్తేనే ఆ డబ్బు కదులుతుంది. వినడానికి ఘనంగానే ఉంటుంది. కాని మేము చెయ్యగలిగింది ఎంత? పద్దును ఒప్పుకోవచ్చు, వద్దనవచ్చు, తగ్గించమనవచ్చు. పెంచమనే అధికారం మాకు లేదు. మన ఇంటి మాటల్లో చెప్పాలంటే, పడుగు వాళ్ళే వేసి తెస్తారు. అందులో ఒక పోగు లాగెయ్యమని మేము అడగవచ్చు గాని, కొత్త పోగు కలపమని అడగకూడదు.

మరి మా ఊరికి ఫలానాది లేదు మొర్రో అని చెప్పుకోవాలంటే ఎట్లా? దానికొక అడ్డదారి ఉంది. ఈ పద్దులో నూరు రూపాయలు తగ్గించాలి అని ఒక సవరణ ఇవ్వాలి. కోత తీర్మానం అంటారు దాన్ని. కోట్ల పద్దులో నూరు రూపాయలు పోతే ఎవరికీ ఏమీ కాదు. ఆ వంకన లేచి మన ఊరి బాధ చెప్పుకుంటాం. మంత్రిగారు విని, ఆలోచిస్తాం అంటారు. అప్పుడు మనం సంతోషించి, సవరణ ఉపసంహరించుకుంటున్నానని కూచోవాలి. అదీ అక్కడి మర్యాద.

నేనిచ్చిన సవరణ మన ఊరికి ప్రసూతి కేంద్రం లేదన్న దాని మీద. ఒక గది, నాలుగు మంచాలు, చదువుకున్న నర్సు. అంతే నేను అడిగింది.

మా పార్టీలో ఎవరు ఎటు ఓటెయ్యాలో చూసుకునే పెద్దమనిషి జానకిరామయ్య గారు. బెజవాడలో ప్లీడరు. మంచివాడే. సభ మొదలయ్యే ముందు నన్ను పక్కకు పిలిచారు.

"కడుపునిండా మాట్లాడండి మార్కండేయులు గారూ, నేను వద్దనను. చివర్న మాత్రం ఉపసంహరించుకోండి. ఈ ఏడాదిలోనే అనుబంధ పద్దు వస్తుంది. అందులో మీ కేంద్రం చేర్పించే పూచీ నాది."

అనుబంధ పద్దంటే ఏడాది మధ్యలో అదనపు ఖర్చులకు మళ్ళీ పెట్టే పద్దు. "అట్లాగేనండీ" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను అక్కయ్యా.

నా వంతు వచ్చింది. ఒక ఆడమనిషి సంగతి చెప్పాను. మధ్యాహ్నం రైలు వెళ్ళిపోయిందనీ, బండి కట్టుకుని రేవుకు వస్తే కృష్ణ పొంగి పడవలు కట్టేశారనీ, అవతలి ఒడ్డున బెజవాడ ఇళ్ళు కనిపిస్తూనే ఉన్నాయనీ, పొద్దు వాలకముందే ఆ బండిలోనే తల్లీ బిడ్డా పోయారనీ చెప్పాను. ఆమె ఎవరో నేను చెప్పలేదు. ఎవరని సభలో ఎవరూ అడగలేదు. నీకూ బావకూ నేను విడిగా చెప్పనక్కర్లేదు.

మంత్రిగారు లేచారు. "గౌరవ సభ్యులు చెప్పిన ఊరికి ఎదురుగానే పెద్దాసుపత్రి ఉంది. నడుమ నది తప్ప మరేమీ లేదు. ఇంత చేరువలో ఆసుపత్రి ఉన్న ఊళ్ళు ఈ రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి? సభ్యులు కొంచెం ఉద్రేకపడ్డారు" అన్నారు. నడుమ నది తప్ప అన్నచోట కొందరు నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. భోజనాల వేళయింది, అందరికీ లేవాలని ఉంది.

"సభ్యులు సవరణ ఉపసంహరించుకుంటారా?" అని అధ్యక్షులు అడిగారు. ముందు వరసలోంచి జానకిరామయ్య గారు వెనక్కి తిరిగి తల ఆడించారు. లేచాను. చెప్పవలసిన మాట నోటి దాకా వచ్చింది.

"లేదండీ. ఓటుకు పెట్టండి" అన్నాను.

ప్రతిపక్షం వాళ్ళు అంతకుముందే వేరే విషయం మీద అలిగి బయటికి వెళ్ళారు. ఉన్నదంతా మావాళ్ళే. అనుకూలురు అవుననండి అన్నారు, నా గొంతొక్కటే వినిపించింది. వ్యతిరేకులు కాదనండి అంటే సభంతా కాదంది. అక్కడితో కూచున్నా పోయేది. లేచినవాళ్ళను లెక్కపెట్టమని పట్టుబట్టాను. అనుకూలురు లేచి నిలబడండి అన్నారు. నిలబడ్డాను. నా పక్కన కూచునే మిత్రుడు నా ముఖంలోకి చూడలేక కాగితాలు సర్దుకుంటున్నాడు. గుమాస్తా అన్ని వరసలూ చూసుకుంటూ వచ్చి, నా దగ్గర ఒకసారి వేలు చూపించి, వెళ్ళిపోయాడు. సవరణ వీగిపోయింది. ఆ వెంటనే ఆసుపత్రుల పద్దు మొత్తం ఓటుకు పెట్టారు. దానికి నేనూ అవునన్నాను. ఆ సంగతి పేపరువాడు రాయలేదు.

పేపరు నాకంటే ముందు ఊరు చేరింది. నేను బండి దిగి వస్తుంటే మన నేతగాళ్ళ సంఘం పాక ముందు పదిమంది కూచుని ఉన్నారు. సంఘం పెద్ద పాండురంగయ్య నీకు తెలుసుగా, ఎన్నికలప్పుడు ఎండలో నాకోసం ఊరూరా తిరిగినవాడు. అతనే లేచాడు.

"ఏందయ్యా ఇది? మన ఆసుపత్రుల డబ్బు కొయ్యమన్నావంట?"

"అది నిజం కోత కాదు మామా. మన ఊరికి నర్సు కావాలని అడగటానికి అదొక పద్ధతి."

"కావాలంటే పెంచమంటారు గాని తగ్గించమంటారా ఎవరన్నా? మాకు చదువు లేదని ఏదన్నా చెబుతావా?"

"పెంచమనే హక్కు మాకు లేదు మామా."

"హక్కు లేనోడివి మరి అక్కడ కూచుని ఏం చేస్తున్నట్టు?" అన్నాడు. పాక లోపల మగ్గాలు మళ్ళీ ఆడటం మొదలుపెట్టాయి. నేను ఇంటికి వచ్చి తాళం తీసుకున్నాను.

ఆనాటి నుంచి ఊళ్ళో నాతో ఎవరూ తగువు పెట్టుకోలేదు, పలకరించనూ లేదు. శుభకార్యాలకు పిలుపు వస్తుంది, వెళితే చాప వేస్తారు, ఆ చాప మీద ఇంకెవరూ కూచోరు. పార్టీలోనూ అంతే. ఎండాకాలమంతా నేను గట్టిగా మాట్లాడిన మాటలు మగ్గంతోనే.

శ్రావణమాసంలో జానకిరామయ్య గారు బెజవాడ రమ్మని కబురు పెట్టారు. గవర్నరుపేటలో వారి ఇంటికి వెళ్ళాను. కాఫీ తెప్పించి, తలుపు దగ్గరగా వేశారు.

బావా, ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపిస్తున్నావని నాకు తెలుసు. పక్కన ఇరుగుపొరుగు ఉంటే పంపించెయ్. అక్కయ్యను కూచోబెట్టు. ఇక్కడి నుంచి మీ ఇద్దరికే.

"అనుబంధ పద్దు తయారవుతోంది" అన్నారు జానకిరామయ్య గారు. "మీ ఊరి కేంద్రం అందులో చేర్చడానికి మంత్రిగారికి అభ్యంతరం లేదు. కాని తన శాఖ వల్ల ఒక మనిషి చచ్చిపోయిందని పేపర్లో పడ్డది ఆయన మరిచిపోలేకుండా ఉన్నారు. దానికి మీరొక సంజాయిషీ ఇవ్వాలి. నాకూ ఇష్టం లేదండీ. చదివి చూడండి."

కాగితం వారే రాసి ఉంచారు. పార్టీ ఆజ్ఞ మీరినందుకు క్షమాపణ కోరుతున్నానని ఉంది. అది సరే. దాని కింద ఇట్లా ఉంది: "రేవులో ఒక స్త్రీ ప్రసవవేదనతో మరణించినదని నేను సభలో చెప్పినది విచారించక, ఎవరో చెప్పగా విని చెప్పినది. అట్టిది జరిగినట్లు నాకు రూఢిగా తెలియదు."

రెండుసార్లు చదివాను. ఆమె నా భార్యండీ అని ఒక్క మాట అంటే చాలు. జానకిరామయ్య గారు అటువంటి మనిషి కాదు, ఆ కాగితం అక్కడే చింపేసి నా చేతులు పట్టుకునేవారు. కాని కాగితం లేకపోతే కేంద్రం లేదు. అప్పటికే నా పంతం వల్ల ఒకసారి కేంద్రం చెయ్యి జారింది. ఆ మార్చిలో నేను బుద్ధిగా కూచుని ఉంటే నర్సు ఈపాటికి వచ్చి ఉండేదేమో. ఆ ఎండాకాలం మన పేటలో పురుటికి ఇద్దరు పోయారు. వాళ్ళ ఇళ్ళ ముందు నుంచే నేను రోజూ నడిచేది.

సంతకం పెట్టాను.

అక్కయ్యా, నీ కూతురి తల ఆ బండిలో నా ఒళ్ళోనే వాలింది. అట్లాంటిది జరిగినట్టు నాకు తెలియదని రాసిన కాగితం మీద పేరు పెట్టాను. జానకిరామయ్య గారు తలుపు దాకా వచ్చి "మీరు పెద్ద మనసు చేశారు" అన్నారు. రేవుకు వచ్చి పడవ ఎక్కితే, నది దాటినంతసేపూ నీళ్ళ వంక చూడలేకపోయాను.

శరదృతువు సమావేశంలో అనుబంధ పద్దులు వచ్చాయి. ఎన్నో ఊళ్ళ ఎన్నో పనులు ఒక్క పద్దుగా కట్టి పెట్టారు, మధ్యలో ఎక్కడో మన ఊరి పేరు. ఎవరూ సవరణ ఇవ్వలేదు, ఎవరూ మాట్లాడలేదు. అనుకూలురు అవుననండి అన్నారు. అందరితో పాటు అవునన్నాను. అయిపోయింది. నా గొంతు నాకే వినిపించలేదు.

కార్తీకంలో కేంద్రం తెరిచారు. పక్క నియోజకవర్గం సభ్యుడు మల్లికార్జునరావు గారు వచ్చి రిబ్బను కత్తిరించారు. ఆయనే తెచ్చారని ఊరి నమ్మకం. ఆయన కాదనలేదు. పాండురంగయ్య పూలదండ వేశాడు. నేను వెనకాల నిలబడి చూశాను. పది రోజులకు పాండురంగయ్య కూతురు చౌడేశ్వరి అక్కడే కని, తల్లీ బిడ్డా కళకళలాడుతూ ఇంటికి వచ్చారు. దారిలో కనిపించి, చాలా కాలానికి నాతో మాట్లాడాడు.

"నువ్వు కొయ్యమన్నా ఆ మహానుభావుడు తెచ్చిపెట్టాడు చూశావా?" అన్నాడు.

"పిల్ల బాగుందా మామా?" అన్నాను.

"బంగారంలా ఉంది" అని నవ్వాడు. అతని నవ్వు చూసి నాకూ సంతోషమే అయింది. అబద్ధం చెప్పను.

నర్సు పేరు అమలమ్మ. గుంటూరు మిషనాసుపత్రిలో నేర్చుకున్న మనిషి, నీ ఈడు ఉంటుంది. మొన్న మంచాలకు గుడ్డలు కావాలని ఇంటికి వచ్చింది. నేసిన ముక్కలు రెండు తీసి ఇచ్చాను. ఇల్లంతా కలయజూసి, "ఆడవాళ్ళెవరూ లేరా అండీ?" అంది. పోయిందన్నాను. "ఎట్టా పోయారండీ?" అంది.

ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళెవరూ అడగరు, సభలో తెలియనివాళ్ళూ అడగలేదు. ఆమె అడిగింది. గడపలో కూచుని మొదటి నుంచీ చెప్పాను. తెల్లవారుజామున నొప్పులు మొదలైందీ, మంత్రసాని చేతులెత్తేసిందీ, బిడ్డ చెయ్యి ముందుకు వచ్చిందీ, రైలూ, బండీ, రేవూ అన్నీ. ఆమె చివరిదాకా విని, చేతిలో గుడ్డలు పక్కన పెట్టింది.

"బిడ్డ అడ్డం తిరిగిందండీ. చెయ్యి బయటికొచ్చాక నావల్లా అయ్యేది కాదు. కాని నెల నిండకముందు పొట్ట మీద చెయ్యేసి చూస్తే నాకు తెలిసిపోయేది. నది పొంగకముందే బెజవాడ పంపించేసేదాన్ని" అంది. తర్వాత, "ఆవిడ పేరేందండీ?" అంది.

వెంకటరావమ్మ అని చెప్పాను. పైకి ఆ పేరు పలికి ఎన్నాళ్ళయిందో! అమలమ్మ నేను తేరుకునేదాకా గుడ్డలు మడతపెడుతూ కూచుని, వెళ్ళొస్తానండీ అని వెళ్ళింది.

ఆ సాయంత్రమే మీకు రాయాలనుకున్నాను. ధైర్యం చాలడానికి ఇవాళ్టిదాకా పట్టింది. ఆ కాగితం పార్టీ ఆఫీసులో ఏ బీరువాలోనో పడి ఉంటుంది, దాన్ని ఇంకెవరూ చదవరు. చదివినా ఆమె ఎవరో వాళ్ళకు తెలియదు. ఈ లోకంలో ఆ సంతకం వల్ల నొచ్చుకోదగినవాళ్ళు మీరిద్దరే. అందుకే మీకు తెలియాలి. బావ నన్ను ఇక ఇంటి గడప తొక్కవద్దన్నా నాకు సమ్మతమే. నువ్వు తిట్టినా పడతాను. తిట్టాలనుకుంటే తిట్టి ఉత్తరం రాయించు. తిట్టాలని లేకపోయినా రాయించు. ఏమీ రాయించకుండా మాత్రం ఊరుకోకు అక్కయ్యా. ఇక్కడ ఆ మౌనం చాలా ఉంది.

ఇట్లు,
నీ తమ్ముడూ, నీ అల్లుడూ అయిన
మార్కండేయులు