వెనక చక్రాల డ్రమ్ములు

మదీనాగూడ,
4-7-1999.

శ్రీ ఓబులేసు గారికి,

వెంకటనారాయణ నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. ప్రొద్దుటూరులో మీరూ గంగమ్మ గారూ క్షేమమని తలుస్తాను. ఇంటి సంగతి ఏదైనా ఫోనులో చెప్పకూడదనీ, కాగితం మీదే ఉండాలనీ మీరు ఇల్లు అద్దెకిచ్చిన రోజున అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు శుభవార్త. మా ఆవిడ భ్రమరాంబకు ఆరో నెల. ఆస్పత్రికి తిప్పడానికి వీలుగా ఉంటుందని పాతదే ఒక చిన్న కారు కొన్నాను. హైటెక్ సిటీలో మా ఆఫీసుకు కూడా దాంట్లోనే వెళ్తున్నాను.

ఇక మీ అనుమతి కావలసిన విషయం. వెనక ఉన్న రెండు డ్రమ్ములూ బొత్తిగా పనికిరాకుండా ఉన్నాయి. వాన పడితే చాలు, వాటిలోకి నీళ్లు చేరుతున్నాయి. తీసేసి డిస్కులు పెట్టిద్దామనుకుంటున్నాను. ముందువైపు ఎలాగూ డిస్కులే. బాలానగర్ నుంచి సాయిలు అనే మెకానిక్ ఆదివారాలు మనింటికే వచ్చి చేస్తానన్నాడు. అతని షెడ్డులో జాగా లేదట. కొంత చప్పుడు, కొన్ని నూనె మరకలు తప్పవు. మీరు సరేనంటే మొదలుపెడతాం.

మీ విధేయుడు,
వెంకటనారాయణ.

తా.క.: ఆ డ్రమ్ములు మార్చేదాకా ఎక్కేది లేదని భ్రమరాంబ భీష్మించుకు కూర్చుంది.


ప్రొద్దుటూరు,
10-7-1999.

చిరంజీవి వెంకటనారాయణకు ఓబులేసు ఆశీర్వదించి రాయునది.

శుభవార్త విని గంగమ్మా నేనూ చాలా సంతోషించాము. కారు కొన్నందుకు ఇంకా సంతోషం. నిమ్మకాయలు తొక్కించావా లేదా రాయలేదు.

డ్రమ్ముల సంగతి మాత్రం నాకు నచ్చలేదు. అవి ఇల్లు కట్టేటప్పుడు నేను బాలానగర్‌లో వెతికి వెతికి తెచ్చుకున్న ఇనుప డ్రమ్ములు. వాటిలోకి నీళ్లు చేరుతున్నాయని నువ్వు ఫిర్యాదు రాశావు. నాయనా, నీళ్లు చేరడానికే వాటిని అక్కడ పెట్టింది. ఆ వీధిలో కుళాయి ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో రెండేళ్లుగా ఉంటున్నవాడివి, నీకు తెలియదా?

పోతే, నువ్వు పెట్టిస్తానన్నది డిష్షు. డిస్కు అని రాశావు. కంప్యూటర్ చదువు చదివినవాళ్లకు తెలుగు రాయడం మరపున పడుతుందేమో. మా బజారులో ఒకరు మిద్దె మీద డిష్షు పెట్టించారు, వానాకాలమంతా మంచాల కింద గిన్నెలు పెట్టుకున్నారు. అది చాలక, ముందువైపు ఎలాగూ ఉన్నాయని రాశావు. ఎవరిని అడిగి పెట్టించావు? అసలు మీకు ఎన్ని టీవీలు ఉన్నాయి?

డ్రమ్ములు తీయవద్దు. మిద్దె మీదికి మెకానిక్కును ఎక్కించవద్దు.

ఇట్లు,
ఓబులేసు.

తా.క.: ఆరో నెల మనిషిని డ్రమ్ములు ఎందుకు ఎక్కమంటున్నావు? నీ ఉత్తరం చదివి వినిపిస్తే గంగమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎక్కనన్నందుకు ఆ అమ్మాయిని ఏమీ అనవద్దని చెప్పమంది.


మదీనాగూడ,
18-7-1999.

శ్రీ ఓబులేసు గారికి నమస్కారాలు.

తప్పు నాదేనండి. నేను రాసినవి ఇంటి వెనక డ్రమ్ములు కావు, కారు వెనక డ్రమ్ములు. మీ నీళ్ల డ్రమ్ములు మీరు పెట్టిన చోటే నిండుగా ఉన్నాయి. ఇంట్లో ఉన్నది ఒక్క టీవీ. అది కూడా సరిగా రాదు.

కారు చక్రం లోపల బ్రేకు ఉంటుంది. వెనక చక్రాలకు గుండ్రటి డబ్బాలాంటిది ఉంటుంది, దాన్ని డ్రమ్ము అంటారు. అందులో రెండు షూలు ఉంటాయి. బ్రేకు తొక్కితే అవి విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒత్తుతాయి. డిస్కు అయితే పళ్లెంలా బయటికే ఉంటుంది, దాన్ని రెండువైపుల నుంచీ పట్టుకుని ఆపుతారు. తడిసినా తొందరగా ఆరుతుంది. ఇదంతా మా ఆఫీసులో ఇంటర్నెట్‌లో చదివాను.

నా తొందరకు కారణం ఉంది. పోయిన నెల వానలో కొత్తగూడ దగ్గర గేదె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు ఆగింది, కాని గేదె దాటిపోయాక ఆగింది. పక్క సీట్లో ఉన్న భ్రమరాంబ దిగి ఆటో ఎక్కింది. ఆ రోజు నుంచి ఆస్పత్రికి ఆటోలోనే. నిన్న డాక్టరమ్మ, "ఈ కుదుపుల్లో ఆటో ఎక్కారంటే నా దగ్గరికి రాకండి" అని కోప్పడింది. కారేమో తను ఎక్కదు, ఆటోను డాక్టరమ్మ ఎక్కనివ్వదు. మూడు వారాల్లో మళ్లీ చూపించాలి.

విషయం తెలిస్తే మీకు అభ్యంతరం ఉండదని పని మొదలుపెట్టించాను. మన్నించండి.

మీ విధేయుడు,
వెంకటనారాయణ.

తా.క.: డ్రమ్ములతో పాటు హ్యాండ్‌బ్రేకు కూడా ఊడిపోయింది. వాకిలి వాలు కాబట్టి కారు వెనక్కి జారకుండా ఒక రాయి కావలసివచ్చింది. పడమటి మూల భూమిలో సగం దిగిన రాయి ఒకటి, ఎప్పుడో సున్నం కొట్టినది, ఊరికే పడి ఉంది. సాయిలూ నేనూ కలిసి తవ్వి తీశాం. చక్రం కింద సరిగ్గా సరిపోయింది.


ప్రొద్దుటూరు,
24-7-1999.

శ్రీ వెంకటనారాయణ గారికి,

మీ ఉత్తరంలో మొదటి పేజీ నాకు అర్థం కాలేదు. డ్రమ్ములో బూట్లు ఎందుకు పెడతారో గంగమ్మకూ తెలియలేదు. కాని తా.క. చదివి నేను అన్నం ముందు నుంచి లేచాను.

మీరు చక్రం కింద పెట్టినది హద్దు రాయి. నా చేతులతో నేను పాతినది. పక్కన తుమ్మచెట్లు మొలిచిన ఖాళీ ప్లాటు ఉంది కదా, అది మా తోడల్లుడిది, అంటే గంగమ్మ అక్క భర్తది. ఇద్దరం కలిసే కొన్నాము. నేను 1987లో ఇల్లు కట్టి గృహప్రవేశం చేసిన రోజున, ఆ రాయి తన వైపు అడుగున్నర జరిగిందని భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు. నేనూ అన్నాను. ఆయన జమ్మలమడుగులో, నేను ప్రొద్దుటూరులో. బస్సెక్కితే గంట కూడా పట్టదు. పన్నెండేళ్లయింది, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వాళ్లింటి గడప తొక్కనని నేను ఒట్టు కూడా పెట్టుకున్నాను. ఆ రాయిని మీరు తవ్వి బ్రేకు కింద వాడుకున్నారు.

ఇది ఆయన చెవిన పడితే నేనే చేయించానంటాడు. కోర్టుకు పోతాడు. అందుచేత ఈ ఉత్తరం అందిన గంటలో ఆ రాయిని ఏ గుంటలోంచి తీశారో ఆ గుంటలోనే, ఏ ముఖం ఎటు ఉన్నదో అటే ఉండేలా పాతవలెను. లింగంపల్లిలో రామబ్రహ్మం గారని రిటైరైన సర్వేయరు ఉన్నారు, నాకు పాత స్నేహితుడు. లేఅవుట్ కాగితాలు ఆయనకు పంపాను. వచ్చి కొలిచి చూస్తారు.

ఇట్లు,
ఓబులేసు.

తా.క.: మీరు ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అన్నది ఆయన కొలతల మీద ఆధారపడి ఉంటుంది. అమ్మాయికి మాత్రం ఈ సంగతి చెప్పవద్దని గంగమ్మ అంటోంది.


మదీనాగూడ,
8-8-1999.

శ్రీ ఓబులేసు గారికి,

మీ ఉత్తరం భ్రమరాంబే అందుకుంది, భ్రమరాంబే చదివింది. కాబట్టి చెప్పకుండా దాచే అవకాశం నాకు కలగలేదు.

రాయి పాతుదామని వెళ్తే గుంట లేదండి. మూడు రోజుల వానకు పూడిపోయింది. వేపమొక్కకు ఎదురుగా ఉండేదని భ్రమరాంబ అంది. "గీడ కాదమ్మా, మోరీ దిక్కు ఉండె" అన్నాడు సాయిలు, మురికికాలువ వైపు చూపించి. నాకు ఇద్దరూ చెప్పింది నిజమే అనిపించింది. మధ్యలో పాతాం.

బ్రేకుల సంగతి కూడా చెప్పాలి. ప్రమాదంలో నుజ్జయిన ఏదో పెద్ద కారు నుంచి సాయిలు రెండు డిస్కులు తెచ్చాడు. రెండు ఆదివారాలు కష్టపడి బిగించాడు. తీరా చక్రం ఎక్కిస్తే ఎక్కలేదు. మా కారు చక్రం చిన్నది, డిస్కును పట్టుకునే ఇనుప పట్టు లోపలి అంచుకు తగులుతోంది. హ్యాండ్‌బ్రేకు తీగకైతే తగిలించుకోవడానికి చోటే లేదు. ఏం చేద్దామని అడిగితే సాయిలు పాత డ్రమ్ములు తెచ్చి నా ముందు పెట్టాడు. లోపల షూలు అట్టముక్కల్లా అరిగిపోయి ఉన్నాయి.

"కొత్త షూలేసి, జర సాఫ్ చేసి బిగిస్తే అయిపోతది సార్. ఫికర్ జేయకుండ్రి."

"ఆ మాట మొదటి రోజే చెప్పొచ్చు కదా."

"చెప్తమనే అనుకున్న. మీరేమో కంప్యూటర్ల చూసొచ్చిన్రు. మనకేం ఎరుకని ఊకున్న."

గంటన్నరలో అయిపోయింది. హ్యాండ్‌బ్రేకు కూడా తిరిగి వచ్చింది. మొన్న భ్రమరాంబను ఎక్కించుకుని ఆస్పత్రికి వెళ్లాను. దారిలో ఏడుచోట్ల అవసరం లేకపోయినా బ్రేకు తొక్కమంది. ఏడుచోట్లా ఆగింది. బిడ్డ బాగుందని డాక్టరమ్మ చెప్పింది.

రామబ్రహ్మం గారు నిన్న వచ్చారు. ఆ రాయి ఎవరు పాతారని అడిగారు. నేనే అన్నాను. అంతకుముందు ఎవరంటే మీరన్నాను. ఇద్దరూ ఇద్దరే అన్నారు. వీధి ఈ చివర నుంచి కొలిచారు, ఆ చివర నుంచి కొలిచారు, కాగితం తిరగేసి మళ్లీ కొలిచారు. మంచినీళ్లు అడిగి తాగారు.

"ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు బాబూ ఇక్కడ?"

"రెండేళ్ల నుంచండి."

"ఎవరింట్లో?"

"ఓబులేసు గారింట్లో."

ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయారు. మేం ఇల్లు ఖాళీ చేయాలో లేదో నాకేమీ అర్థం కాలేదు. ఏడో నెలలో ఉన్న మనిషితో ఇల్లు వెతుక్కోవడం కష్టమండి. దయచేసి త్వరగా రాయగలరు.

మీ విధేయుడు,
వెంకటనారాయణ.

తా.క.: వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, ఓబులేసుకు గుండెజబ్బు ఏమైనా ఉందా అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఉంటే ఆయనకు ముందుగా తెలియజేయగలరు.


ప్రొద్దుటూరు,
21-8-1999.

నాయనా వెంకటనారాయణా,

నువ్వు ఇల్లు ఖాళీ చేయనవసరం లేదు. చేయమనడానికి నాకు హక్కు లేదు. నువ్వు ఉంటున్న ఇల్లు నాది కాదట.

రామబ్రహ్మం రాసింది నాలుగుసార్లు చదివాను. మన వరసలో పది ప్లాట్లు. నాది ఆరోది. ఇల్లు కట్టేటప్పుడు నేను పడమర నుంచి లెక్కపెట్టి ఆరోదాంట్లో ముగ్గు పోయించాను. నంబర్లు తూర్పు నుంచి మొదలట. అటు నుంచి ఆ ఇల్లు ఉన్నది ఐదో ప్లాటు, అంటే మా తోడల్లుడిది. తుమ్మచెట్లున్నది నాది. అడుగున్నర కోసం పన్నెండేళ్లు పోట్లాడాము. నేను వాళ్ల ప్లాటు మొత్తం తీసుకుని కూర్చున్నానని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

రెండు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకు తిరిగాను. కాగితం చించేద్దామని కూడా అనిపించింది. గంగమ్మ నా ఎదురుగా కూర్చుని, "పొయ్యి చెప్పు" అని ఒక్క మాట అంది. చొక్కా మార్చుకుని జమ్మలమడుగు బస్సెక్కాను.

గడప దగ్గర నిలబడ్డాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కాగితం ఆయన చేతికిచ్చాను. కళ్లద్దాలు తెచ్చుకుని చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. కోర్టు, పోలీసులు, ఏమేమో నా మనసులో తిరిగాయి. చివరికి అన్నాడు:

"నా గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న్యావంట కదప్పా."

"పెట్టుకున్న్యా."

"గృహప్రవేశమే నా జాగాలో చేసుకున్న్యాక ఇంగ ఆ ఒట్టు యాడిది? లోపలికి రా. కాళ్లు నొప్పి పుట్టవా?"

భోజనం పెట్టారు. వచ్చే నెల ఇద్దరం హైదరాబాదు వచ్చి ప్లాట్లు మార్చుకున్నట్టు రిజిస్ట్రేషన్ చేయిస్తాము. తుమ్మచెట్ల ప్లాటు ఆయనకూ, నువ్వుంటున్నది నాకూ. అంతవరకు ఇల్లు ఎవరిదని అమ్మాయి అడిగితే, ఇద్దరిదీ అని చెప్పు. పురుడు దాకా నిశ్చింతగా ఉండండి.

ఇట్లు,
ఓబులేసు.

తా.క.: నేను భోంచేస్తుంటే వాళ్ల అటక మీద నుంచి ఒక రేకు పెట్టె దించారు. నిండా గంగమ్మ రాసిన ఉత్తరాలు. అక్కచెల్లెళ్లు పన్నెండేళ్లుగా మాకు తెలియకుండా రాసుకుంటున్నారట. ప్లాట్లు తారుమారైన సంగతి గృహప్రవేశం నాడే కాగితాలు చూసి ఇద్దరూ కనిపెట్టారట. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని ఇంటికొచ్చి గంగమ్మను నిలదీశాను. వంకాయలు తరుగుతూ తల ఎత్తకుండానే చెప్పింది, "మీరిద్దరూ మాట్లాడుకున్న రోజున చెబుదామనుకున్న్యాం" అని.